మేడ మీద హాలు తెరవడం లేదు

చెన్నై వెస్ట్ మాంబళంలో మన మెస్‌కి రోజూ వచ్చేవాళ్లందరికీ నమస్కారం. దసరాకి మేడ మీద ఏసీ హాలు అని కట్టిన బ్యానర్ విప్పేశాను. ఎప్పుడు తెరుస్తారని మాత్రం అడక్కండి. ఆ ప్రశ్నకు అర్థమేమిటో చదివితే మీకే తెలుస్తుంది.

మన మెస్ ఉన్న ఇల్లు నేనే కొన్నాను, రిజిస్ట్రేషన్ అయింది. పైన మాత్రం ఓనర్ తాతగారూ మామ్మగారే ఉంటారు, ఇద్దరిలో ఏ ఒక్కరున్నా సరే, జీవితాంతం. మొదట కోయంబత్తూరులో పెద్దవాళ్ల కాలనీకి వెళ్లిపోతామన్నారు. అడ్వాన్స్ ఇచ్చాక మామ్మగారు కదలనన్నారు. బేరం వదిలేయమని మావారు, వాళ్లు ఉండటానికి పదేళ్ల గడువు పెట్టమని ఆడిటర్. గడువు మాట ఎత్తగానే మామ్మగారు చేతిలో చిక్కుడుకాయలు పక్కన పెట్టి, "తొంభయ్యో ఏట సామాను సర్దుకోమంటావా అమ్మాయ్?" అన్నారు. ఇంకేం మాట్లాడతాను! బ్యాంకుల్లో అరవై దాటినవాళ్లకు రివర్స్ మార్ట్‌గేజ్ ఉందని, అంటే ఇల్లు తాకట్టు పెట్టుకుని బ్యాంకే నెలనెలా అప్పుగా డబ్బిస్తుందని చెప్పి చూశాను. అప్పు అన్న మాట వినగానే తాతగారు లేచి లోపలికి వెళ్లిపోయారు.

చాలా రాత్రులు లెక్కలు వేసుకుని, చివరికి కొంత రిజిస్ట్రేషన్ రోజునా, మిగతాది వాళ్లున్నంతకాలం నెలనెలా అని ఒప్పుకున్నాను. ఉండే హక్కు నోటిమాటగా వదల్లేదు, సేల్ డీడ్‌లోనే రాయించాను. రేపు నేను అమ్ముకున్నా కొన్నవాడు వాళ్లను కదపలేడు. ఇంటిపన్ను, పెద్ద రిపేర్లు నావి. కరెంటు బిల్లు వాళ్లది.

"ముసలివాళ్లను బుట్టలో వేసుకుంది" అన్నవాళ్లకు ఒక్కటే చెప్తాను: సాక్షి సంతకం వాళ్లబ్బాయిదే. మన మెస్‌లో కాఫీ తాగుతూ ఆ మాట అన్నారు చూడండి, అదీ నా బాధ.

రిటైర్డ్ బ్యాంకాయన ఒకరు నన్ను భయపెట్టాలని ఫ్రాన్స్ కథ చెప్పారు. అక్కడ ఇలాంటి కొనుగోళ్లు మామూలేనట. ఆర్ల్ ఊళ్లో 1965లో రఫ్రే అనే నోటరీ, తొంభయ్యేళ్ల జాన్ కల్మాఁ అనే ఆవిడ ఫ్లాటుకి, ఆవిడ ఉన్నంతకాలం నెలకు 2,500 ఫ్రాంకులు ఇస్తానని రాసుకున్నాడు. 1995లో ఆయనే పోయాడు. ఆ తర్వాత ఆయన భార్య కట్టింది. కల్మాఁ 1997లో, 122 ఏళ్లకు కన్నుమూసింది. అయితే ఏమిటి? నేను లేకపోతే మా అబ్బాయి కడతాడు. మామ్మగారికి ఈ కథ చెప్తే పడీపడీ నవ్వారు.

ఇక పైన పెద్దవాళ్ల నిద్ర చెడకూడదని మీకు మారేవి: రాత్రి తొమ్మిదికి పెసరట్టు పెనం దింపేస్తాం. గ్రైండర్ పొద్దున ఆరు తర్వాతే వేస్తాం కాబట్టి ఇడ్లీ ఏడింటికి. ఆఫీసు బస్సు పట్టుకునేవాళ్లకు ఇబ్బందే, తెలుసు, అయినా మార్చను. రేట్లు, నెల భోజనం టోకెన్లు ఎప్పటిలాగే. పార్సిల్ కౌంటర్ పెద్దది చేస్తున్నాం. మెట్ల ముందు బండ్లు పెట్టొద్దు, తాతగారు రెయిలింగ్ పట్టుకుని దిగుతారు. పెడితే తాళం వేయిస్తాను, పాత కస్టమరైనా సరే.