మొదటి ఏడాది నైపుణ్యాలను పాఠాలలోనే నేర్పాలి

సంపాదకులు గారికి నమస్కారం.

కళాశాలలో కొత్తగా చేరిన విద్యార్థికి పాఠాలతోపాటు చదువుకునే పద్ధతిని కూడా నేర్పాలన్న ఆలోచన పాతదే. అమెరికాలోని సౌత్ కరోలినా విశ్వవిద్యాలయం ‘యూనివర్సిటీ 101’ పేరిట అందుకోసం 1972లోనే ఒక కోర్సు పెట్టింది. నోట్సు రాసుకోవడం, సమయాన్ని సర్దుకోవడం, గ్రంథాలయాన్ని వాడుకోవడం, ఇతరుల రచనను ఉపయోగించినప్పుడు ఆ సంగతి పేర్కొనడం, బృందంతో కలిసి పనిచేయడం వంటివి ఇటువంటి కోర్సులలో సాధారణంగా ఉంటాయి. ఇవి అవసరం లేదని ఎవరూ అనరు. అయితే వీటిని ఏ పాఠ్యాంశంతోనూ ముడిపెట్టకుండా, వారానికొక ఉపన్యాసంగా చెప్పి, చివర ఒక పరీక్ష పెట్టి ముగిస్తే విద్యార్థికి మార్కులు వస్తాయి గాని అలవాటు రాదని, ఫ్రెంచ్ బోధించే అధ్యాపకురాలిగా నా దృఢమైన అభిప్రాయం.

ఫ్రెంచ్ సంగతే తీసుకుందాం. ఆ భాషలో ప్రతి నామవాచకానికీ లింగం ఉంటుంది. బల్ల స్త్రీలింగమూ పుస్తకం పుంలింగమూ ఎందుకయ్యాయని అడిగితే జవాబు దొరకదు, పదంతోపాటే గుర్తుపెట్టుకోవాలి. పదాల చివరి హల్లు చాలాచోట్ల పలకదు, కానీ తరువాతి పదం అచ్చుతో మొదలైతే కొన్ని సందర్భాలలో అదే హల్లు మళ్లీ వినిపిస్తుంది. గడిచిన సంగతి చెప్పేటప్పుడు ఎక్కువ క్రియలకు ఒక సహాయక క్రియ చేరుతుంది, రాకపోకలను తెలిపే కొన్నింటికి మరొకటి చేరుతుంది. ఈ రెండో రకంలో కర్త లింగవచనాలను బట్టి రాత కూడా మారుతుంది. ఇవేవీ పరీక్ష ముందు రాత్రి కూర్చుంటే పట్టుబడేవి కావు. రోజూ కొంతసేపు సాధన చేయక తప్పని ఇటువంటి విషయం ఎదురుగా ఉన్నప్పుడే, సమయాన్ని ఎలా పంచుకోవాలన్న సలహా విద్యార్థి చెవికెక్కుతుంది.

జ్ఞాపకశక్తి విషయమూ అంతే. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తరువాత చూస్తే, పుస్తకం మూసి గుర్తుచేసుకుంటూ రాసినవారే ఎక్కువ చెప్పగలిగారు. ఈ ఫలితాన్ని నైపుణ్యాల తరగతిలో చెబితే అది మరొక నోట్సుగా మిగిలిపోతుంది. అదే ఫ్రెంచ్ తరగతిలోనైతే కొత్త పదాలలో సగాన్ని చదివి, మిగిలిన సగాన్ని చూడకుండా రాసి, వారం తరువాత ఏవి నిలిచాయో విద్యార్థి తానే లెక్కపెట్టుకోవచ్చు. ఫ్రెంచ్ భాషా సామర్థ్యాన్ని కొలిచే డెల్ఫ్ పరీక్ష ఏర్పాటు కూడా మంచి పాఠమే. వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం అనే నాలుగు విభాగాలకు 25 చొప్పున మార్కులుంటాయి. మొత్తం 100లో 50 వస్తే చాలు గాని, ఏ విభాగంలోనూ 5కు తగ్గకూడదు. మాట్లాడడానికి సిగ్గుపడి రాతనే నమ్ముకున్న విద్యార్థి తన బలహీనతకు ఎంత సమయం కేటాయించాలో ఇక్కడ స్వయంగా తేల్చుకోవలసి వస్తుంది.

బృందంతో పనిచేయడం నేర్పడానికి చలనచిత్ర నిర్మాణానికి మించిన కోర్సు నాకు తెలియదు. కెమెరా పట్టుకోవడమే సినిమా తీయడమని కొత్త విద్యార్థులు అనుకుంటారు. నిజానికి సగం పని కెమెరా తీయకముందే జరగాలి. స్క్రిప్టును సన్నివేశాలవారీగా విడదీయాలి, ఏ సన్నివేశానికి ఎవరు, ఏ వస్తువులు కావాలో రాసుకోవాలి, షాట్ల జాబితా వేయాలి, అనుమతులు తెచ్చుకోవాలి, ఎవరు ఎన్ని గంటలకు ఎక్కడ ఉండాలో తెలిపే కాల్ షీట్ ముందురోజే అందరికీ పంపాలి. కథలోని వరుసలో కాక స్థలాన్నీ వెలుతురునూ బట్టి చిత్రీకరిస్తారు గనుక, మొదటి సన్నివేశంలో నటుడి చొక్కా గుండీ ఎలా ఉందో రాసిపెట్టకపోతే ఎడిటింగ్ బల్ల దగ్గర ఆ లోపం బయటపడుతుంది. సంభాషణల మధ్య ఖాళీలలో అతకడానికి గది నిశ్శబ్దాన్ని అర నిమిషం రికార్డు చేయకుండా వచ్చేసినా అంతే. ఆలస్యంగా వచ్చిన ఒక్కరి కోసం మిగిలిన బృందమంతా ఎదురుచూస్తూ నిలబడినప్పుడు, సమయపాలన గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వనక్కరలేదు. అనుమతి లేని పాటను తన చిత్రంలో వాడకూడదని తెలుసుకున్న విద్యార్థికి, వ్యాసంలో ఇతరుల వాక్యాలను తనవిగా రాయడం ఎందుకు తప్పో సులభంగా అర్థమవుతుంది.

ఈ రెండు కోర్సులూ కలిసే చోటు కూడా ఒకటుంది. సినిమా విద్యార్థులు తీసిన లఘుచిత్రానికి ఫ్రెంచ్ విద్యార్థులు ఉపశీర్షికలు (సబ్‌టైటిల్స్) రాయవచ్చు. సాధారణంగా రెండు వరుసలు దాటకూడదు, ప్రేక్షకుడు చదివేంతసేపు తెరమీద నిలవాలి. కాబట్టి సంభాషణ సారాన్ని పట్టుకుని కుదించక తప్పదు. సంక్షిప్తంగా రాయడం నేర్పడానికి ఇంతకంటే మంచి అభ్యాసం ఏముంటుంది?

అధ్యాపకులకు ఉన్న పాఠాలకే సమయం చాలడం లేదన్న అభ్యంతరం వస్తుందని తెలుసు. అందుకే ఇది అదనపు భారం కాకూడదు. నైపుణ్యాల కోర్సుకు ఇప్పుడు కేటాయించిన గంటలలో ఎక్కువ భాగాన్ని ఆయా పాఠ్యాంశాలకు బదిలీ చేసి, వాటిని అధ్యాపకుల పనిగంటలలో లెక్కించాలి. కళాశాల నిబంధనలు, సలహాదారుల సహాయం, ఇల్లు విడిచి వచ్చినవారి ఒంటరితనం వంటి విషయాలకు ప్రత్యేక తరగతి ఉండవలసిందే. దాన్ని తీసేయమని నేను కోరడం లేదు.

పాఠ్యప్రణాళికలను సవరించే సంఘాలు ఈసారి కూర్చున్నప్పుడు మార్కుల విభజననైనా మార్చాలని నా విన్నపం. చివరి పరీక్షకు, పూర్తయిన చిత్రానికి మాత్రమే కాక, ఫ్రెంచ్ విద్యార్థి దిద్దుకుంటూ వచ్చిన చిత్తుప్రతులకు, సినిమా విద్యార్థి రాసుకున్న నిర్మాణ దినచర్యకు, సమయానికి పంపిన కాల్ షీట్లకు కూడా మార్కులు ఇవ్వాలి. ఆ పత్రాలను నైపుణ్యాల అధ్యాపకుడు, పాఠ్యాంశ అధ్యాపకుడు కలిసి చూడాలి. ఒక సెమిస్టరు పాటు ఒకటి రెండు తరగతులలో దీన్ని మొదలుపెట్టడానికి కొత్త భవనం గాని కొత్త నియామకం గాని అవసరం లేదు.

ఇట్లు,
ఒక ఫ్రెంచ్ అధ్యాపకురాలు