ఆ నాపరాయిని గ్రానైట్ కింద కప్పేయకండి

సంపాదకులకు నమస్కారం.

మాది రేపల్లె దగ్గర ఒక పల్లెటూరు. ఒకప్పుడు గుంటూరు జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. మా ఊరి రామాలయం మండపంలో ఉత్తరం వైపు రెండో స్తంభం పక్కన ఒక నాపరాయి ఉంది. దాని మీద పులిజూదం, అంటే పులులూ మేకల ఆట, పటం ఉంది. సుద్దముక్కతో గీసింది కాదు, ఉలితో చెక్కింది. మా తాత చిన్నతనానికే అది అక్కడ ఉందట. వచ్చే నెలలో గుడికి జీర్ణోద్ధరణ పనులు మొదలవుతున్నాయి. మండపం నేలంతా గ్రానైట్ పరుస్తారని, పాత నాపరాళ్ళు తీయకుండా వాటి మీదే సిమెంటు పోసి అతికిస్తారని చెప్పారు. ఆ ఒక్క రాయి గురించే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాకిప్పుడు అరవై ఏడేళ్ళు దాటాయి. తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యాను. మూడో ఏట జ్వరం వచ్చి తగ్గాక ఎడమకాలు చచ్చుబడిపోయింది. పోలియో అనే మాట మా ఇంట్లో వాళ్ళకి అప్పటికి తెలియదు. గాలి సోకిందన్నారు, నూనెతో మర్దన చేశారు, తాయెత్తు కట్టారు. కాలు మాత్రం రాలేదు.

మా వీధిలో సాయంత్రమయ్యేసరికి పాతికమంది పిల్లలు పోగయ్యేవాళ్ళు. గుండ్రంగా నిలబడి పంటలు వేసుకునేవాళ్ళు. అరచేతులు కొందరివి వెల్లకిలా, కొందరివి బోర్లా. తక్కువమంది ఎటు ఉంటే వాళ్ళు పంట. అలా తగ్గుతూ తగ్గుతూ ఆఖరికి మిగిలినవాడు దొంగ. నన్ను ఆ పంటల్లో కలిపేవాళ్ళు కాదు. "వీడు అరటిపండు" అనేవాళ్ళు. ఆటలో అరటిపండు అంటే తెలుగువాళ్ళందరికీ తెలుసు. ఉన్నట్టే ఉంటాడు, వాణ్ణి ముట్టుకున్నా అవుట్ కాడు, దొంగ కాడు. మా ఊళ్ళో ఐదేళ్ళ లోపు పిల్లలు అరటిపళ్ళు. నేను తొమ్మిదేళ్ళు వచ్చినా అరటిపండునే.

అయినా ఆ పిల్లలు నన్ను ఇంట్లో కూర్చోమని ఏనాడూ అనలేదు. ఈ మాట గట్టిగా చెప్పాలి. దాగుడుమూతలు ఆడితే మా మేనత్త కూతురు నన్ను వీపున వేసుకుని గడ్డివాము వెనక్కి పరుగెత్తేది. ఇద్దరం కలిసి దాక్కునేవాళ్ళం. నా బరువుకు ఆయాసపడి ఆ వగర్పుతోనే ఎన్నోసార్లు దొరికిపోయేది. ఒక్కసారి కూడా నన్ను విసుక్కోలేదు. కోతికొమ్మచ్చి చెరువు గట్టు మీద చింతచెట్టు దగ్గర ఆడేవాళ్ళు. ఒకడు కాలెత్తి దాని కింద నుంచి కర్ర విసిరేవాడు. దొంగ పరుగెత్తి ఆ కర్ర తెచ్చి గిరిలో పెట్టేలోపు మిగతావాళ్ళు చెట్టెక్కేవాళ్ళు. గిరి పక్కన కూర్చుని, కర్ర సరిగ్గా లోపల పడిందా లేదా చెప్పే పని నాది. నేను 'తూచ్' అంటే ఆ ఆట చెల్లదు. తొండి ఆడుతున్నావని నన్ను ఎవరూ అనలేదు, ఎందుకంటే నేను ఏ జట్టులోనూ లేను. ఏడుపెంకులాటలోనూ అంతే. పడిపోయిన పెంకులు పేర్చాక ఏడూ ఉన్నాయో లేదో లెక్కపెట్టేది నేనే.

కూర్చుని ఆడే ఆటల్లో మాత్రం నన్ను ఎవరూ అరటిపండు అనలేదు. గచ్చకాయలు మా అక్కల దగ్గర నేర్చుకున్నాను. ఒకట్లు, రెళ్ళు, మూళ్ళు, నాలుగులు. పైకి ఎగరేసిన కాయ కింద పడేలోపు నేల మీద కాయలు చేతిలోకి తీసుకోవాలి. బూడిదరంగు గచ్చకాయ వేళ్ళలో ఎంత నున్నగా తిరుగుతుందో ఇప్పటికీ నా చేతికి గుర్తుంది. అష్టాచెమ్మాకి గవ్వలు లేకపోతే చింతపిక్కల్ని ఒకవైపు తెల్లగా వచ్చేదాకా బండ మీద అరగదీసేవాళ్ళం. నాలుగూ తెల్లవైపు పడితే చెమ్మా, నాలుగూ నల్లవైపు పడితే అష్టా. అరగదీసిన పిక్క కాలిపోతూ ఉంటుంది కదా, అది పక్కవాడి చేతికి చురుక్కుమనిపించడం ఇంకో ఆట. మధ్యాహ్నం అన్నాలయ్యాక మా అమ్మ, పిన్ని వామనగుంటల పీట తీసేవాళ్ళు. అటు ఏడు, ఇటు ఏడు గుంటలు. నేను పక్కన కూర్చుని ఎవరి పిక్కలు ఎక్కడ ఆగుతాయో ముందే చెప్పేసేవాణ్ణి. మా పిన్ని మొట్టికాయ వేసేది. లెక్కలు నాకు బడిలో కంటే ముందు ఆ పీట దగ్గరే వచ్చాయి.

పులిజూదం మాత్రం ఇంట్లో నేర్చుకోలేదు, గుళ్ళోనూ కాదు. మా పొలం గట్టు మీద, రావిచెట్టు కింద నేర్చుకున్నాను. నేర్పింది మా పొలంలో పాలేరుగా చేసిన తాత. ఊరి చివర దళితుల పల్లె నుంచి వచ్చేవాడు. మా నాన్న ఆయన్ని పేరు పెట్టి 'ఒరే' అని పిలిచేవాడు. నేను తాతా అనేవాణ్ణి. నాన్న నన్ను బండిలో పొలానికి తీసుకెళ్ళి చెట్టు కింద దింపేవాడు. ఎద్దుల్ని విప్పాక ఆయన పుల్లతో నేల మీద పటం గీసేవాడు. పైన కొండ, దాని కొన నుంచి కిందికి దిగే గీతలు, వాటిని అడ్డంగా కోసే గీతలు. గీతలు కలిసే చోట్లు మొత్తం 23. మూడు పెద్ద రాళ్ళు పులులు. పదిహేను చింతపిక్కలు మేకలు. మేకల్ని ఒక్కొక్కటిగా పెట్టాలి, పదిహేనూ పెట్టేదాకా ఏ మేకనూ జరపకూడదు. ఈలోపు పులులు తిరుగుతూనే ఉంటాయి. మేక వెనక చోటు ఖాళీగా ఉంటే పులి దాని మీంచి దూకి తినేస్తుంది. ఏ పులీ ఎటూ కదలకుండా కట్టేస్తే మేకలు గెలిచినట్టు.

నేను ఎప్పుడూ పులులు కావాలనేవాణ్ణి. ఆయన ఇచ్చేవాడు కాదు. "మేకలు ఆడు చినబాబూ. పులి ఆట ఎవడైనా ఆడతాడు" అనేవాడు. నేను మేకను మధ్యలో పెట్టగానే తినేసేవాడు. ఒకరోజు ఏడుపొచ్చింది నాకు. అప్పుడు రెండు పిక్కలు పక్కపక్కన పెట్టి చూపించాడు. "మేక పరిగెత్తి బతకదు. వెనకాల ఇంకో మేక ఉంటే బతుకుద్ది." ముందు అంచుల్లో పెట్టడం, తర్వాత జంటలు జంటలుగా లోపలికి రావడం, తొందరపడి కొండ దగ్గరికి పోకపోవడం ఇవన్నీ ఆ ఎండాకాలంలో నేర్పాడు. నా కాలి గురించి ఆయన ఒక్క మాటా అనలేదు. జాలి పడనూ లేదు. రోజూ ఓడించాడు. ఆ వేసవి చివర్లో ఒకరోజు ఆయన మూడు పులుల్నీ నేను కట్టేశాను. చాలాసేపు పటం వంక చూసి, లేచి వెళ్ళి ఎద్దులకు నీళ్ళు పెట్టి వచ్చి, మళ్ళీ పిక్కలు పేర్చాడు.

ఆ తర్వాత గుడి మండపంలో నాపరాయి దగ్గర పెద్దవాళ్ళతో కూర్చోవడం మొదలుపెట్టాను. నాకప్పటికి పదకొండేళ్ళు. కరణంగారి తమ్ముణ్ణి ఓడించిన రోజు మా నాన్న నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని ఇంటికి తీసుకొచ్చాడు. శివరాత్రి జాగరణకి ఒకవైపు వైకుంఠపాళి, ఒకవైపు పులిజూదం. తెల్లవారుజామున కళ్ళు మూతలు పడుతుంటే వేలితో ఆ రాతి గాళ్ళ వెంట తడుముకుంటూ కూర్చునేవాణ్ణి. అన్నేళ్ళుగా అందరి వేళ్ళూ తగిలి ఆ గాళ్ళ అంచులు నున్నబడ్డాయి. కళ్ళు మూసుకుని కూడా ఏ చోటు ఎక్కడో చెప్పగలను.

నాకు ఆట నేర్పిన తాత మాత్రం ఆ రాయిని ఎప్పుడూ చూడలేదు. మండపం ఎక్కే వీలు ఆయనకు లేదు, ఆయన వాళ్ళ పిల్లలకూ లేదు. వాళ్ళు పల్లెలో తుమ్మచెట్టు కింద మట్టిలో గీసుకుని ఆడేవాళ్ళు. ఆ రోజులు బంగారం అని మా వయసువాళ్ళం అంటుంటాం. నేను అనను. ఆటలు బంగారమే. కానీ ఎవరు ఎక్కడ కూర్చుని ఆడాలో ఊరు ముందే గీత గీసి పెట్టింది. అది చెప్పకుండా ఈ రాయి గురించి చెబితే సగమే చెప్పినట్టవుతుంది.

1977 నవంబరు 19. దివిసీమను ఉప్పెన ముంచెత్తిన రోజు. నాకు ఇరవై ఏళ్ళు. సముద్రం మా ఊరి దాకా రాలేదు కానీ గాలి వచ్చింది. తాటాకు ఇల్లు ఒక్కటీ నిలవలేదు, పెంకుటిళ్ళ కప్పులు లేచిపోయాయి, చెరువు గట్టు మీద చింతచెట్టు వేళ్ళతో సహా పడిపోయింది. ఊళ్ళో గట్టిగా నిలబడింది ఆ రాతి మండపం. ఆ రాత్రి అందరూ అక్కడికే వచ్చారు. పల్లెవాళ్ళూ వచ్చారు. నువ్వెవరు, ఎందుకు ఎక్కావని ఎవరూ అడగలేదు. పిల్లల్ని మధ్యలో కూర్చోబెట్టి పెద్దవాళ్ళం చుట్టూ కూర్చున్నాం.

తెల్లవారాక గాలి తగ్గింది. తాత స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. ఆయన కాళ్ళ దగ్గరే నాపరాయి. చూశాడు. ముందు అర్థం కాలేదనుకుంటాను. తర్వాత తడిసిన తలగుడ్డతో ఆ రాయి మీద బురద తుడిచి, కొండ కొన నుంచి కింది గీత దాకా చేత్తో తడిమాడు. "ఇదేందిరా, ఇక్కడ కూడా ఉందే" అన్నాడు. నన్ను చినబాబూ అనకుండా రా అన్నది ఆ ఒక్కసారే. ఆ పొద్దున ఆడే స్థితిలో మేం ఎవరమూ లేము. కానీ మా చుట్టూ ఉన్న పిల్లలకు మేకలంటే ఏమిటో, పులులంటే ఏమిటో ఆయన అక్కడే కూర్చుని చెప్పాడు. వాళ్ళు ఏడుపు మానేశారు. మూడు నాలుగు రోజుల తర్వాత ఆ పిల్లలే మా ఇంటి ముందు ఏడుపెంకులాట ఆడుతూ కనిపించారు. మా ఇంటి కప్పు నుంచి రాలిన పెంకులే అవి. మా అమ్మ చూసింది. ఏమీ అనలేదు, ఆడుకోనిచ్చింది.

ఆ తర్వాత రెండేళ్ళకి తాత పోయాడు.

హంపీలో పాత మండపాల రాతి నేల మీద ఇలాంటి ఆట పటాలు చెక్కి ఉన్నాయి. జనం దూరం నుంచి వెళ్ళి చూసి ఫోటోలు తీసుకుంటారు. మా ఊరి రాయికి అంత పేరు లేదు. కానీ మీ పత్రిక చదివే ఎంతోమందికి వాళ్ళ ఊరి గుడి మెట్ల మీదో, సత్రం అరుగు మీదో ఇలాంటిది ఒకటి గుర్తుకొస్తుంది. ఇప్పుడు ఊరూరా గుళ్ళు బాగు చేస్తున్నారు. మంచిదే. పాత నేల మీద కొత్తది పరిచే ముందు ఒక్కసారి వంగి చూడమని అందరినీ వేడుకుంటున్నాను.

మొన్న సంక్రాంతికి నా మనవరాలు హైదరాబాదు నుంచి వచ్చింది. నాలుగో తరగతి. మూడు రోజులు ఆ రాయి దగ్గర కూర్చున్నాం. మొదటి రోజు పులులు కావాలంది. ఇవ్వలేదు. వెళ్ళాక ఫోన్ చేసింది. వాళ్ళ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో సుద్దముక్కతో పటం గీసి కింది ఫ్లాట్ పిల్లలకు నేర్పిందట. మర్నాడు తుడిచేశారట. మళ్ళీ గీసిందట. వాళ్ళలో ఒక పిల్లవాడు సరిగ్గా మాట్లాడలేడట, అందరికంటే బాగా ఆడుతున్నాడట. ఆ మాట విని ఫోన్ పట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాను.

గుడి పనులు చూసే పెద్దలకు రెండుసార్లు చెప్పాను. వాళ్ళు నా మీద గౌరవంతో విన్నారు. నేల ఒకే తీరుగా ఉంటే బాగుంటుందని, మధ్యలో ఒక పాత రాయి ఉంటే ఎగుడుదిగుడుగా ఉంటుందని అన్నారు. అది నిజమే. అందుకే మండపంలోనే ఉంచమని అడగడం లేదు. సిమెంటు పోయకముందు మేస్త్రీతో ఆ ఒక్క రాయిని జాగ్రత్తగా పెకలించి బయటికి తీయించండి. బస్సు ఆగే చోట వేపచెట్టు చుట్టూ అరుగు ఉంది కదా, దాని మీద వేయించండి. అక్కడ నీడ ఉంటుంది. ఏ పిల్లలైనా వస్తారు, ఎవరైనా కూర్చోవచ్చు, మెట్లు ఎక్కే పని లేదు. కూలి, సిమెంటు ఖర్చు నా పెన్షన్‌లోంచి నేను ఇస్తాను. పదిహేను చింతపిక్కలు, మూడు గచ్చకాయలు ఒక డబ్బాలో వేసి రోజూ పొద్దున్నే అక్కడ పెట్టే పని కూడా నాదే.

ఇట్లు,
ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి,
రేపల్లె ప్రాంతం, బాపట్ల జిల్లా