గోడ మీద రాత చదివి వెళ్లిపోయే దయ్యం

వసూ,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకోకు. ఇల్లు మారాం, అమ్మ మోకాలు కాస్త నయం, చంటివాడికి పరీక్షలు. విశేషాలు అంతే. అసలు సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

హిందీ సినిమా 'స్త్రీ' మళ్లీ చూశానే. 2018లో వచ్చినప్పుడు మనం పంకజ్ త్రిపాఠీ మాటలకి పడీపడీ నవ్వి సగం కథ వదిలేశాం. చందేరీ అనే ఊళ్లో పండగ నాలుగు రాత్రులూ మగవాళ్లు బయట తిరగకూడదు. ఒంటరిగా దొరికితే 'స్త్రీ' అనే దయ్యం ఎత్తుకుపోతుంది, ఒంటి మీది బట్టలే మిగులుతాయి. చీకటి పడకముందే ఇంటికి రా, ఒంటరిగా నడవకు, ఎవరు పిలిచినా వెనక్కి తిరక్కు... మనం విని విని విసిగిపోయిన జాగ్రత్తలన్నీ ఇక్కడ మగవాళ్లకి చెబుతారు!

ఆ దయ్యం చూడు, మీద పడదు. వెనకనుంచి పేరు పెట్టి పిలుస్తుంది. అతను తిరిగితేనే తీసుకెళ్తుంది. గోడ మీద 'రేపు రా' అని ఉంటే చదివి వెళ్లిపోతుంది. వద్దంటే వినే ఆ పాటి మర్యాద బతికున్నవాళ్లలో ఎంతమందికుందే?

మీ అమ్మమ్మగారి వీధి తలుపు మీద 'ఓ స్త్రీ రేపు రా' గుర్తుందా? దాని కింద నువ్వు సుద్దముక్కతో 'ఎల్లుండైనా పర్లేదు' అని రాశావు! కన్నడ ఊళ్లలో అదే మాట 'నాళె బా' అని రాసేవాళ్లట. కానీ ఆవిడ ఎవరు, ఎలా చచ్చిపోయింది అని మనం ఒక్కసారైనా అడిగామా? సినిమాలో ఆమెకో కథ ఉంది. ఊరి వేశ్య, ప్రేమించినవాణ్ని పెళ్లి చేసుకుంటే ఆ రాత్రే ఇద్దర్నీ చంపేశారు. ఉత్తరాది కథల్లో చుడేల్ అనే ఆడదయ్యం కూడా చాలావరకు కాన్పులో పోయిన మనిషే. బతికుండగా పట్టించుకోని ఇల్లే పోయాక వణుకుతుందన్నమాట.

నాకు కోపం వచ్చింది ఎక్కడంటే, ఆమె బలమంతా జడలో ఉందని ఆ జడే కోసేస్తారు. ఆఖర్న విగ్రహం పెట్టి 'ఓ స్త్రీ, రక్షించు' అని రాస్తారు. చంపిన ఊరే కాపలా కాయమంటోంది! క్షమించమని అడగాలి కదా ముందు?

తమిళ దయ్యం సినిమా 'కాంచన' సంగతీ ఇలాంటిదే. 2011లో శరత్‌కుమార్ కాంచన అనే హిజ్రాగా, ఓ పిల్లని పెంచి డాక్టర్ని చేసిన అమ్మగా, ఎంత గౌరవంగా నిలబడ్డాడు! అదే సినిమాలో అంతకుముందు హీరో లారెన్స్ ఒంట్లోకి చచ్చిపోయిన కాంచన దయ్యమై వచ్చి అతను ఆడదానిలా నడిస్తే హాలంతా నవ్వింది. చీర కట్టిన మగాణ్ని చూసి నవ్వినవాళ్లే గంట తర్వాత కళ్లు తుడుచుకున్నారు. ఆ నవ్వు లేకపోతే జనం ఆ కథ వినేవాళ్లా అని నువ్వు వాదిస్తావు, తెలుసు. నాకు మాత్రం...

చంటివాడి బస్సు వచ్చేసింది. 'స్త్రీ 2'లో తల లేని దయ్యం సర్కటా గురించి ఇంకో ఉత్తరం రాస్తా.

నీ
పద్మ