అన్నం తింటుంటే ఒక చెంపకే చెమట

ఎడిటర్ గారికి నమస్కారం.

నిరుడు నా ఎడమ చెవి కింద, లాలాజల గ్రంథిలో గడ్డ ఉందని ఆపరేషన్ చేసి తీశారు. క్యాన్సర్ కాదన్నారు, సంతోషం. అసలు కథ ఏడెనిమిది నెలల తర్వాత మొదలైంది. చింతకాయ పచ్చడి కలుపుకుని రెండు ముద్దలు తింటే చాలు, ఎడమ చెంప ఎర్రబడి చెమట ధార కట్టేది, కుడి చెంప మాత్రం పొడిగా ఉండేది. కారానికేమోనని ఇంట్లో కూరల్లో కారం తగ్గించారు, తర్వాత గుండె జబ్బేమోనని టెన్షన్ పడి ఈసీజీ కూడా తీయించాం. పెళ్లి భోజనాల్లో ఎడమవైపు గోడ ఉండేలా చూసుకుని కూర్చునేవాణ్ణి.

చివరికి వేరే డాక్టరు చెంపకు అయోడిన్ పూసి, ఆరాక స్టార్చ్ పొడి చల్లి, నిమ్మముక్క చప్పరించమన్నారు. చెమట పట్టినంత మేరా నల్లగా తేలింది. దీన్ని ఫ్రే సిండ్రోమ్ అంటారట, 1923లో లూసియా ఫ్రే అనే పోలండ్ డాక్టరమ్మ తుపాకీ దెబ్బ తగిలిన ఒకతనిలో చూసి వివరంగా రాసిందట. లాలాజలం ఊరించే సన్నని నరాలు కోతలో తెగి, మళ్లీ పెరిగేటప్పుడు దారి తప్పి చర్మంలోని చెమట గ్రంథులకు అతుక్కుంటాయి. ఇక నోరూరమని వెళ్లే కబురు చెంపకు చేరుతుంది. మెడలో లింఫు గ్రంథులు తీసే ఆపరేషన్ల తర్వాత కూడా ఒక్కోసారి వస్తుందట.

ప్రాణానికి ప్రమాదం లేదు, మందూ ఉంది. చెమట తగ్గించే పూతలు కొందరికి సరిపోతాయి, నాకు బొటాక్స్ ఇంజెక్షన్ ఇచ్చారు (అది సినిమావాళ్ల ముడతలకే అనుకునేవాణ్ణి). కొన్ని నెలలు హాయిగా ఉంటుంది, తర్వాత మళ్లీ వేయించుకోవాలి.

నా బాధ చెమట గురించి కాదు. ఈ గ్రంథి ఆపరేషన్ తర్వాత ఇది కొత్తేమీ కాదని ఇప్పుడు తాపీగా చెబుతున్నారు, మరి సంతకం పెట్టించుకున్న రోజు ఒక్కరూ ఎందుకు చెప్పలేదు? ఇంగ్లీషులో నాలుగు పేజీల కాగితం ఇచ్చి ఎక్కడ సంతకం చేయాలో వేలు పెట్టి చూపించారు, అంతే. అందులో రాసి ఉందేమో కూడా నాకు తెలియదు. ఆ కాగితం తెలుగులో ఇచ్చి, "తినేటప్పుడు చెంపకు చెమట పట్టొచ్చు, పడితే మా దగ్గరికి రండి" అని ఒక్క ముక్క చెప్పి ఉంటే, నాలుగు నెలలు గుండె చేత్తో పట్టుకుని తిరిగేవాణ్ణి కాదు.

– ఒక పాఠకుడు, ఖమ్మం