పైపు పగిలితే దోషి వెల్డరు ఒక్కడేనా?

సంపాదకుడు గారికి,

అయ్యా,

మా రాయగడ ప్రాంతంలోని ఒక కర్మాగారంలో కొత్తగా వేసిన పైపులైను పరీక్ష చేస్తుండగానే పగిలిందని గత వారం మీ పత్రిక జిల్లా పుటలో వార్త వచ్చింది. వెల్డింగ్ నాసిరకంగా ఉండటమే కారణమని, ఆ జాయింటు వేసిన వెల్డరును పని నుంచి తీసేశామని యాజమాన్యం చెప్పిన మాటతో ఆ వార్త ముగిసింది. పైపింగ్ తనిఖీ పనిలోనే ఉద్యోగ జీవితం గడిపిన నాకు ఆ మాటను విని ఊరుకోవడం సాధ్యం కాలేదు. ఆ వెల్డరు శ్రీకాకుళం జిల్లా నుంచి కాంట్రాక్టరు వెంట వచ్చిన కూలీ కనుక అతడి తరఫున నోరెత్తేవారు లేరు.

అదే వార్తలో ఆ లైనును గాలితో పరీక్షించారని ఒక్క ముక్క ఉంది. అసలు ప్రశ్న అక్కడ మొదలవ్వాలి. నీటిని ఎంత నొక్కినా దాని పరిమాణం దాదాపు తగ్గదు కాబట్టి, నీళ్లు నింపి పరీక్షించేటప్పుడు జాయింటు తెగితే కాస్త నీరు చిమ్మి పీడనం వెంటనే పడిపోతుంది. గాలి అలా కాదు. కుదించిన గాలిలో నిలవ ఉన్న శక్తి అంతా తెగిన చోటి నుంచి ఒక్కసారిగా వెలువడి ఇనుప ముక్కలను విసిరికొడుతుంది. అందుకే కర్మాగారాల్లో రసాయనాలు, ద్రవాలు, వాయువులు మోసే ప్రాసెస్ పైపులకు అందరూ అనుసరించే ఏఎస్‌ఎంఈ బీ31.3 కోడ్ (అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం రాసిన నియమావళి), పైపు పని చేయడానికి లెక్కగట్టిన డిజైన్ పీడనానికి కనీసం ఒకటిన్నర రెట్ల పీడనంతో, కనీసం 10 నిమిషాలు నిలిపి, ప్రతి జాయింటునూ చూసే నీటి పరీక్షనే మామూలు పద్ధతిగా చెబుతుంది. నీళ్లు నింపడం సాధ్యం కాదని యజమాని తేల్చినప్పుడు మాత్రమే గాలికి వెళ్లవచ్చు. అప్పుడు కూడా పీడనం హద్దు దాటితే తెరుచుకునే సేఫ్టీ వాల్వు తప్పనిసరి. మొదట 25 పీఎస్ఐ (చదరపు అంగుళానికి 25 పౌండ్లు), లేదా పరీక్ష పీడనంలో సగం, వీటిలో ఏది తక్కువైతే అక్కడ ఆగి జాయింట్లు చూసుకుని, ఆ తర్వాతే మెట్లు మెట్లుగా పీడనం పెంచాలి. నాగావళి పారుతున్న మా ప్రాంతంలో నీళ్లు దొరకలేదని ఎవరైనా అనగలరా? నీళ్లు నింపి, ఖాళీ చేసి, లోపల ఆరబెట్టడానికి పట్టే సమయం మిగుల్చుకోవడానికే కంప్రెసరు తగిలించి ఉంటే, ఆ నిర్ణయం వెల్డరుది కాదు.

ఇక వెల్డు సంగతి. వానాకాలంలో 7018 రకం వెల్డింగ్ రాడ్లను వేడిగా, పొడిగా ఉంచే ఓవెన్ కూడా ఇవ్వకుండా పని చేయించి, తేమ పట్టిన రాడ్డుతో వేసిన జాయింటు పగుళ్లిస్తే పనితనం లేదని అతడినే తిట్టడం నేను ఎన్నో చోట్ల చూశాను. ఎక్స్‌రే తీసి జాయింటు లోపలి లోపాలు చూసే పనీ అంతే. సాధారణ లైన్లలో నూటికి కనీసం 5 జాయింట్లను ఎంపిక చేసి చూడాలని, అందులో ప్రతి వెల్డరు పనీ ఉండాలని కోడ్ అంటుంది. ఒక జాయింటులో లోపం కనబడితే అదే వెల్డరు వేసిన మరో రెండు చూడాలి, వాటిలోనూ లోపముంటే ఇంకా చూడాలి. కానీ ఆ అయిదూ ఎవరు ఎంచుతున్నారు? కాంట్రాక్టరే ఎంచుతున్నాడు. నేల మీద, నిలబడి, పైపును తిప్పుకుంటూ వేసిన జాయింట్లకు ఫిల్ములు తీస్తారు. పైప్‌రాక్ (పైపులను మోసే ఎత్తైన చట్రం) మీద వేలాడుతూ, చెయ్యి పట్టని సందులో వేసిన జాయింటు జోలికి ఎవరూ పోరు. తెగేది మాత్రం సాధారణంగా అదే.

వెల్డరు చెయ్యి బాగాలేదనే అనుకుందాం. అతడికి అర్హత పరీక్ష పెట్టిందెవరు? ఏ వెల్డింగ్ ప్రాసెస్‌లో అర్హత పొందాడో ఆ ప్రాసెస్‌లో ఆరు నెలలు పని చేయకపోతే ఆ అర్హత చెల్లదన్న నియమాన్ని చూసుకున్నదెవరు? కోడ్‌ను పాటించే మొత్తం బాధ్యత యజమానిదేనని అదే కోడ్ మొదట్లోనే రాసి ఉంది. యజమాని తరఫున చూసే ఇన్‌స్పెక్టరు పైపులు వేసే కాంట్రాక్టరు మనిషి కాకూడదని కూడా ఉంది. ఇప్పుడు మా వైపు చాలా చోట్ల కాంట్రాక్టరు తెచ్చిన కాగితం మీద కాంట్రాక్టరు మనిషే సంతకం పెడుతున్నాడు; పీడనం గేజీ ముల్లు కదలకముందే పరీక్ష నివేదిక సిద్ధంగా ఉంటోంది.

ప్రభుత్వ అధికారులను కూడా అడగాలి. చదరపు సెంటీమీటరుకు 3.5 కిలోల పీడనం మించిన ఆవిరి పైపులను బాయిలర్ల చట్టం కింద చూస్తున్నారు, మంచిదే. కాస్టిక్, ఆమ్లం, కుదించిన గాలి మోసే పైపులు ఆ చట్టం పరిధిలోకి రావని వాటిని వదిలేస్తే ఎలా? పీడనంతో నడిచే ప్లాంటులో సురక్షిత పీడనం దాటకుండా చర్యలు తీసుకోవాలని 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి కర్మాగారాల చట్టం 31వ సెక్షనే చెప్పింది. అయినా మనిషికి దెబ్బ తగిలాకే తప్ప అధికారి గేటు దాటి లోపలికి రావడం లేదు.

1974 జూన్ 1న ఇంగ్లండులోని ఫ్లిక్స్‌బరోలో రెండు రియాక్టర్ల మధ్య తాత్కాలికంగా బిగించిన 20 అంగుళాల పైపు తెగి 28 మంది చనిపోయారు. అక్కడి సేఫ్టీ వాల్వు చదరపు సెంటీమీటరుకు 11 కిలోల పీడనం దగ్గర తెరుచుకునేది. ఆ పైపును పరీక్షించింది 9 కిలోలకే. విచారణ సంఘం పైపు బిగించిన పనివాళ్ల దగ్గర ఆగిపోలేదు. ఆ పైపుకు సరైన డిజైన్ లెక్కలే వేయలేదని, ఆ సమయంలో వర్క్స్ ఇంజినీరు పదవి ఖాళీగా ఉందని తేల్చింది. యాభై ఏళ్లు దాటిన తర్వాత మన దగ్గర విచారణ వెల్డరును గేటు బయటకు పంపడంతో ముగిసిపోతోంది.

ఈ ఘటనపై విచారణాధికారి వెల్డరు అర్హత పత్రంతో పాటు గాలి పరీక్షకు అనుమతిస్తూ సంతకం చేసిన కాగితాన్ని, ఏ జాయింట్లకు ఎక్స్‌రే తీయాలో ఎంపిక చేసినవారి పేరును కూడా బయటపెట్టాలి. అవి తేలేంతవరకు ఆ వెల్డరును తిరిగి పనిలోకి తీసుకుని, ఆపిన కూలి చెల్లించాలి.

ఇట్లు,
విశ్రాంత పైపింగ్ ఇన్‌స్పెక్టర్,
రాయగడ, ఒడిశా