వార్షిక నివేదిక 2024–25: ఫోస్టర్ కేర్ మీద మన సంఘం పని

గౌరవ సభ్యులకు నమస్కారం.

వైద్య శిబిరం, నోటు పుస్తకాల పంపిణీ, కార్తీక వనభోజనాలు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా ఇస్తున్నాం. కిందటి సర్వసభ్య సమావేశంలో ఎక్కువ ప్రశ్నలు ఫోస్టర్ కేర్ (కన్నవాళ్లు చూసుకోలేని బిడ్డని వేరే ఇంట్లో కొంతకాలం పెంచడం) మీదే వచ్చాయి కాబట్టి మిగతా చోటంతా దానికే.

శ్రీకాకుళంలోనూ, నరసన్నపేట, టెక్కలి వైపూ అవగాహన సమావేశాలు పెట్టాం. వచ్చినవాళ్లలో చాలామంది పిల్లల్లేని దంపతులు. దత్తత వరస చాలా పొడుగు, ఇదేదో దగ్గరి దారి అనుకున్నారు. కాదని అక్కడే చెప్పేశాం. దత్తతతో బిడ్డ చట్టప్రకారం ఆ ఇంటి బిడ్డే అవుతుంది. ఫోస్టర్ కేర్‌లో అలా కాదు. కన్నవాళ్లు జైల్లోనో, మంచం మీదో ఉంటే, ఆ బిడ్డ హోముల్లో కాకుండా ఒక ఇంట్లో పెరగాలని 2015 బాలల న్యాయ చట్టం పెట్టిన ఏర్పాటు ఇది. కన్నవాళ్ల పరిస్థితి కుదుటపడితే బిడ్డ వెనక్కి వెళ్తుంది. ఇలాంటి పిల్లల విషయం తేల్చే బాలల సంక్షేమ కమిటీ వద్దంటే తప్ప, ఈలోగా కన్నవాళ్లొచ్చి బిడ్డని చూసి వెళ్లొచ్చు కూడా.

"గుంటడ్ని పెంచి పెద్దోడ్ని చేసినాక వాలమ్మొచ్చి తీసుకుపోతే నా గతేటి బాబూ?" అని టెక్కలిలో ఒకావిడ అడిగింది. ఆ బాధకి సిద్ధపడినవాళ్లే ముందుకు రావాలన్నది మా అభిప్రాయం. 2024లో వచ్చిన కొత్త మార్గదర్శకాలు కొంత ఊరట. చట్టపరంగా దత్తతకి వీలున్న బిడ్డయితే, రెండేళ్లు పెంచినవాళ్లు దత్తత కోరవచ్చు. మునుపు అయిదేళ్లు ఆగాల్సి వచ్చేది. ఒంటరివాళ్లూ పెంచవచ్చు, అయితే ఒంటరి మగవాళ్లకి మగపిల్లల్నే ఇస్తారు.

బిడ్డని ఎవరింటికి పంపాలో కమిటీయే తేలుస్తుంది. జిల్లా బాలల సంరక్షణ విభాగం వాళ్లు ముందుగా ఇల్లు చూసి, ఇంట్లో అందరితో మాట్లాడి నివేదిక రాస్తారు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే వీలైనంతవరకు కలిపే ఉంచుతారు. ఇచ్చేశాక వదిలేయరు, నెలనెలా తనిఖీ ఉంటుంది. పిల్లల సంరక్షణకి కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద బిడ్డకి నెలకి రూ. 4,000 వస్తుంది. డబ్బుకోసం పెంచుతారేమో అని ఒక సభ్యుడు అనుమానపడ్డారు. నేటి ధరల్లో ఆ సొమ్ముతో బడీడు బిడ్డకి తిండి, బట్ట, చదువు చూసి మిగిల్చుకోగలిగితే ఆ కిటుకేదో మాకూ చెప్పాలి!

మన జిల్లాలో అంతకంటే ఎక్కువ కనబడింది మరో అవసరం. కవిటి, సోంపేట వైపు కిడ్నీ జబ్బుతో తండ్రి పోయిన ఇళ్లున్నాయి. తల్లి కూలికో, వలసకో వెళ్తే పిల్లలు అమ్మమ్మ దగ్గరో నాన్నమ్మ దగ్గరో ఉంటున్నారు. వీళ్లకి కొత్త ఇల్లు అక్కర్లేదు, ఉన్న ఇంటికే ఆసరా కావాలి. దానికి స్పాన్సర్‌షిప్ ఉంది, అదీ నెలకి రూ. 4,000. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి రూ. 72,000, పట్టణాల్లో రూ. 96,000 దాటకూడదు. చాలా దరఖాస్తులు తండ్రి మరణ ధ్రువపత్రం దగ్గరే ఆగిపోతున్నాయి. ఆస్పత్రిలో కాకుండా ఇంట్లో పోయినవాళ్లవి అప్పట్లో ఎవరూ నమోదు చేయించలేదు. ఈ ఏడాది మన వాలంటీర్ల శ్రమలో సగం ఈ కాగితాలకే పోయింది, అది సరైన ఖర్చే అనుకుంటున్నాం.

పాలకొండ సభ్యులు 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా కిందికి, రాజాం వాళ్లు విజయనగరం కిందికి వస్తారు. ఈ దరఖాస్తులకి శ్రీకాకుళం వచ్చి ఊరికే తిరిగి వెళ్లకండి.

ఎక్కడైనా దిక్కులేని బిడ్డ కనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. కమిటీ ముందుకి 24 గంటల్లో చేర్చాలి. జాలిపడి ఇంట్లో ఉంచేసుకోవడం, తెలిసినవాళ్లకి చేతులు మార్చడం నేరం. చట్టాన్ని తప్పించి దత్తత ఇచ్చినా, తీసుకున్నా మూడేళ్ల దాకా జైలు పడొచ్చు.

వచ్చే ఏడాది ఇచ్ఛాపురం వైపు కూడా ఈ కాగితాల పని మొదలుపెట్టాలని కార్యవర్గం తీర్మానించింది. మీసేవ పనులు తెలిసిన సభ్యులు, రిటైరైన టీచర్లు కార్యదర్శి దగ్గర పేర్లు ఇవ్వగలరు.