దారం పట్టిన సందులో మనిషి పట్టడు

ఒరేయ్ రమణా,

మొన్న ఫోన్లో నువ్వడిగిన దానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. "చేతిలో లైటుంది కదరా, వెళ్ళిన దారినే తిరిగి రావడానికి తాడెందుకు?" అన్నావు. మెక్సికోలోని తులుంలో నీటి గుహల్లో డైవింగ్ నేర్చుకుంటున్న ఈ ఐదు రోజులుగా నాకు ఆ తాడే లోకం. తీరిగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ఇక్కడి సెనోటేలు, అంటే నీళ్ళు నిండిన సహజమైన గుంటలు, పైనుంచి చూస్తే మన మోటబావుల్లాగే ఉంటాయి. అడుగున మాత్రం గుహలు. మంచుయుగంలో సముద్రమట్టం తగ్గినప్పుడు ఇవన్నీ పొడి గుహలే, అందుకే బొర్రా గుహల్లో చూసినట్టు వేలాడే రాతి కొనలు నీళ్ళలో కనిపిస్తాయి. ఇక్కడి సాక్ అక్తున్ గుహ, దోస్ ఓహోస్ అనే ఇంకో గుహతో కలిసే ఉందని 2018లో తేలింది. రెండూ కలిపి అప్పటి లెక్క 347 కిలోమీటర్లు!

నీళ్ళు అద్దంలా ఉంటాయిరా. దాన్ని నమ్మితేనే ముప్పు. అడుగున పిండిలాంటి ఒండ్రు ఉంటుంది. ఈతకని కాలికి తొడుక్కునే ఫిన్ ఒక్కసారి తగిలిందా, సున్నం కలిపిన తొట్టిలో ముఖం పెట్టినట్టే. లైటు వేస్తే ఆ వెలుగు తిరిగి మన కళ్ళలోనే కొడుతుంది. ఇక దిక్కు తెలియాలంటే చేతికందే ఆ తాడొక్కటే, దాన్నే ఇక్కడ లైన్ అంటారు.

గాలిపటం చరఖాలాంటి రీల్ తీసుకుని, తలెత్తితే గాలి అందే చోట మొదటి ముడి వేస్తాం. గుహలోకి అడుగుపెట్టగానే రెండోది. అక్కడి నుంచి రాయికో చుట్టు వేసుకుంటూ లోపల ఎప్పుడూ కట్టే ఉండే పాత లైన్ దాకా వెళ్ళాలి. ఆ పాత లైన్‌ను చాలాచోట్ల కావాలనే కాస్త లోపలి నుంచి మొదలుపెడతారు, శిక్షణ లేనివాళ్ళు దాన్ని పట్టుకుని లోపలికి పోకుండా.

నాలుగో రోజు లైన్ నేను కట్టాను. ఒక మలుపు దగ్గర చుట్టు వేయకుండా ముందుకెళ్ళాను. చూడ్డానికి బాగానే ఉంది. తిరిగొచ్చేటప్పుడు మా ఇన్‌స్ట్రక్టర్ మాస్కుకు నల్లగుడ్డ కట్టింది. బొటనవేలు, చూపుడువేలు కలిపి లైన్ చుట్టూ ఉంగరంలా పెట్టుకుని వస్తున్నాను. ఉన్నట్టుండి భుజం రాతికి కొట్టుకుంది. లైన్ బిగువుకి మలుపు లోపలి అంచుకు జారి, గోడకీ నేలకీ మధ్య సందులో దూరింది. చెయ్యి దూరుతోంది, సిలిండర్ దూరదు. గుండె దడదడలాడిందిరా! దీన్నే లైన్ ట్రాప్ అంటారు. లైన్ వదలకుండా వెనక్కి జరిగి, చెయ్యి చాచి పైనుంచి తడుముకుంటూ ఆ సందు దాటాను. బయటికొచ్చాక ఆవిడ ఒకే మాట అంది: "కట్టేటప్పుడే కళ్ళు మూసుకుని తిరిగొస్తున్నాననుకో."

ఆ చీకట్లో లైన్ మీద వేళ్ళకు తగిలిన బాణం గుర్తును మరచిపోలేను. చిన్న ప్లాస్టిక్ త్రికోణం. మొన ఎటుందో వేళ్ళతో తడిమి చూసుకున్నాను. దగ్గరి బయటి దారి అటు. గుండ్రటి బిళ్ళలు కూడా ఉంటాయి గానీ అవి దిక్కు చెప్పవు, ఎవరి గుర్తు వాళ్ళు పెట్టుకోవడానికే. గాలి కూడా మూడో వంతు అయిపోగానే వెనక్కి తిరగాల్సిందే, ఇంకాస్త చూద్దాం అనడానికి లేదు.

2018లో గుహలో చిక్కుకున్న థాయ్‌లాండ్ పిల్లల కోసం టీవీకి అతుక్కుపోయాం, గుర్తుందా? చివరి రోజు, మత్తుమందు ఇచ్చిన పిల్లాణ్ణి బయటికి తెస్తున్న ఒక డైవర్ చేతి నుంచి లైన్ జారిపోయింది. చేతికి తగిలిన కరెంటు తీగ పట్టుకుని వెనకటి గదికి చేరాడు. అప్పుడు ఆ వార్త చదివి వదిలేశాను. ఇప్పుడు తలుచుకుంటే అరచేతులు చెమర్చుతున్నాయి.

రేపు అదే మలుపు దగ్గర మళ్ళీ నేనే కట్టాలి. ముందున్న బండకు ఒక చుట్టు, దాటాక ఇంకొకటి వేద్దామనుకుంటున్నాను. ఎలా జరిగిందో రేపు రాత్రికే రాస్తాను.

నీ
ప్రసాద్